సంతకం పెట్టే ముందు ఒప్పందం చదవండి

జర్మనీ అప్రెంటిస్‌షిప్ (కంపెనీలో పనిచేస్తూ వృత్తి నేర్చుకునే శిక్షణ) అంటే 'చదువు అబ్బని పిల్లల దారి' అని కొందరు అంటారు, అది సరికాదు. స్కూలు అయిపోయినవాళ్లకు అక్కడ 300కు పైగా గుర్తింపు పొందిన వృత్తులున్నాయి. సాధారణంగా వారంలో 3, 4 రోజులు కంపెనీలో పని, మిగతా రోజులు వృత్తి పాఠశాల. వృత్తిని బట్టి 2 నుంచి 3.5 ఏళ్లు. నెలనెలా భత్యం ఇస్తారు.

అసలు చూడాల్సింది కంపెనీతో చేసుకునే శిక్షణ ఒప్పందం. 18 నిండకపోతే తల్లిదండ్రులూ సంతకం పెట్టాలి. ప్రొబేషన్ (మొదట్లో ఒకరినొకరు పరీక్షించుకునే కాలం) నెలకు తగ్గదు, 4 నెలలకు మించదు. ఆలోపు కంపెనీ అయినా అప్రెంటిస్ అయినా నోటీసు లేకుండా తప్పుకోవచ్చు. ఆ తర్వాత కంపెనీ తీసేయాలంటే గట్టి కారణం చూపాలి. అప్రెంటిస్ మాత్రం ఆ వృత్తే వద్దనుకుంటే 4 వారాల నోటీసిచ్చి మానేయవచ్చు. పని పడదనిపిస్తే మొదటి నెలల్లోనే తేల్చుకోవడం నయం.

పిల్లలు తేలిగ్గా తీసుకునేది శిక్షణ డైరీని, అంటే చేసిన పని రాసుకునే పుస్తకాన్ని. 'మెషిన్ దగ్గర పని' అని పొడిపొడిగా కాదు, 'లేత్ మీద షాఫ్ట్‌ను చెక్కాను, మైక్రోమీటరుతో కొలిచాను' అని రాయాలి. శిక్షకుడి సంతకం ఎప్పటికప్పుడు చేయించుకోవాలి. రెండేళ్ల పని చివర్లో గుర్తుచేసుకుని నింపడం అయ్యే పని కాదు. డైరీ లేకపోతే చివరి పరీక్షకే కూర్చోనివ్వరు.