పన్నెండు కోట్ల లొల్లి

(రామంతాపూర్‌లో ఒక ఫ్లాట్. స్వరూప చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. యాదగిరి ముందు రెండొందల పేజీల నోట్‌బుక్. పందెం: ఓడినోళ్లు ఉస్మానియా బిస్కట్లు తేవాలె.)

స్వరూప: 12,34,56,789 కారణాంకాలు ఇంక తేలలేదా?

యాదగిరి: తేలినయ్. అంకెలు కూడితే 45, తొమ్మిదితో పోతది. మిగిలింది 1,37,17,421. ఇగ అది ప్రధాన సంఖ్యే, రాసి పెట్టుకో!

స్వరూప: ఎట్ల?

యాదగిరి: చివర 1 ఉన్నది, 2తో, 5తో పోదు. అంకెల మొత్తం 26, మూడుతో పోదు. వెనక నుంచి మూడేసి అంకెలు తీసుకొని 421లకెల్లి 717 తీసి 13 కలిపితే మైనస్ 283. 1,001 అంటే 7, 11, 13ల లబ్ధమే గద. 283 వాటితో పోదు, గనక పెద్దది గూడ పోదు. ఒక్క దెబ్బకు మూడు పిట్టలు! ఇగ 17 నుంచి ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగించుకుంట 3,593 దాక వచ్చిన.

స్వరూప: వర్గమూలం దాక చూస్తేనే గద ప్రధాన సంఖ్య అని తేలేది. అదెంత?

యాదగిరి: 3,703 చిల్లర.

స్వరూప: మరి 3,593 కాడ ఆపుడేంది?

యాదగిరి: ఐదొందల మూడు ప్రధాన సంఖ్యలతో పోనిది, ఐదొందల నాలుగోదాంతో పోతదా?

స్వరూప: పోతది. ఆ ఐదొందల నాలుగోది 3,607.

(అన్ని భాగహారాలు చేసినోడికి ఇంకొకటి చేసే ఓపిక లేకపోవుడు వింతేం కాదు.)

యాదగిరి: ఈనెలు తీసుకుంట ఎట్ల చేసినవే!

స్వరూప: ఫెర్మా అని పాతకాలపు ఫ్రెంచ్ లెక్కలాయన పద్ధతి. సంఖ్యను రెండు వర్గాల తేడాగ రాయాలె, ఆ వర్గాల మూలాల తేడా ఒక కారణాంకం, మొత్తం ఇంకోటి. వర్గమూలం మీద మొదటి పూర్ణసంఖ్య 3,704. దాని వర్గంలకెల్లి మన సంఖ్య తీస్తే 2,195. 46 వర్గానికి, 47 వర్గానికి నడుమ పడ్డది, పనికిరాదు. తర్వాత 3,705. తీస్తే 9,604, అది 98 వర్గం. 3,705లకెల్లి 98 తీస్తే 3,607, కలిపితే 3,803. అయిపాయె.

యాదగిరి: (గుణించి చూసి) గీ ముచ్చట పొద్దుగాల చెప్పరాదు?

స్వరూప: మీరు అడిగిన్రా?

యాదగిరి: సరే, తిరగేసి 98,76,54,321 చెయ్ చూద్దాం. తొమ్మిది తీసేస్తే 10,97,39,369.

స్వరూప: 10,476 వర్గంలకెల్లి తీస్తే 7,207, కాదు. 10,477తో 28,160, అదీ కాదు...

యాదగిరి: పదిహేడుతో పోయింది! 64,55,257. ఖేల్ ఖతం!

స్వరూప: ఆగున్రి. మళ్ల పదిహేడుతో కొట్టున్రి. ఒకసారి పోయినదాంతో ఇంకోసారి చూడకనే అందరు దెబ్బతినేది.

యాదగిరి: (గీసి) 3,79,721. అవునే! మళ్ల పోయింది.

స్వరూప: అది ప్రధాన సంఖ్య, ఇగ పగలదు.

యాదగిరి: అంటే దగ్గరి జోడు 289, 3,79,721. సగటు 1,90,005, నీ పద్ధతి ఆగేది ఆడనే. ముక్కలు పక్కపక్కన ఉంటేనే నీ ఫెర్మా ఉరుకుతడు. 10,476 నుంచి అందాక పోవాలంటే, రోజుకు వంద చేసినా ఐదేండ్లకు దగ్గర పడ్తది! అన్నేండ్లు నోరు మూసుకొని చేస్తనంటే, బిస్కట్లు ఇప్పుడే తెస్త.

స్వరూప: తేండ్రి. లెక్క చేస్త. నోరు మూసుకునుడు పందెంల లేదు.