చెన్ అంటే మంత్రి కాదు

చైనా రాజోద్యోగులను ఇంగ్లిష్‌వాళ్లు ‘మాండరిన్లు’ అన్నారు. ఆ మాట పుట్టింది చైనాలో కాదు. సంస్కృత ‘మంత్రిన్’ మలయ్ భాషకు వెళ్లి ‘మెంతెరి’ అయింది, దాన్ని పోర్చుగీసులు తమ నాలుకకు తగ్గట్టు తిప్పుకున్నారు, వాళ్ల దగ్గర్నుంచి ఇంగ్లిష్‌వాళ్లు పట్టుకున్నారు. అలా లోకమంతా చుట్టొచ్చిన మంత్రిగారే ఇప్పుడు చైనా చారిత్రక సీరియళ్ల తెలుగు డబ్బింగులో, సబ్‌టైటిళ్లలో మళ్లీ ప్రత్యక్షమవుతున్నాడు. సభలో నిలబడ్డ ప్రతివాడూ మంత్రే. చిక్కంతా అక్కడే ఉంది.

మూలంలో ఉన్న మాట ‘చెన్’. అది పదవి పేరు కాదు, బంధం పేరు. ఏలిక ఎదురుగా ఉంటేనే చెన్ అనేవాడు ఉంటాడు. మూడు వేల ఏళ్ల కిందటి ఎముకల మీది రాతల్లో ఈ అక్షరం నిలువుగా తిప్పిన కన్ను. తల వంచినవాణ్ణి పక్కనుంచి చూస్తే కన్ను నిలువుగానే కనిపిస్తుందని గువో మోరువో అనే పండితుడు వివరించాడు. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన నిఘంటువు కూడా దీన్ని లొంగిన మనిషి రూపమనే చెప్పింది. పాత గ్రంథాల్లో ‘చెన్’ మగ బానిస, ‘చ్యే’ ఆడ బానిస. సీరియళ్లలో పట్టుబట్టలు కట్టుకున్న రాణులు ‘చెన్‌చ్యే’ అని తమను తాము చెప్పుకునేది ఈ జంటనే!

మంత్రి అని రాస్తే ఎక్కడ తప్పుతామో ఒక్క ఉదాహరణ చాలు. 1637లో కొరియా రాజు ఇంజో, మంచూ జాతివాళ్ల ఛింగ్ వంశపు చక్రవర్తికి లొంగిపోయి చెన్ అయ్యాడు. దీన్ని ‘రాజు మంత్రి అయ్యాడు’ అని రాయగలమా? తెలుగులో దీనికి సరిపోయే మాట ఉంది: కొలువు. సభా కొలువే, ఉద్యోగమూ కొలువే, సేవించడమూ కొలవడమే. మూడర్థాలూ చెన్‌లో ఉన్నాయి. మూడో మనిషి గురించి చెప్పేటప్పుడు ‘కొలువుదారు’, తనను తాను చెప్పుకునేటప్పుడు ‘తమ సేవకుడు’ అంటే దాదాపు సరిపోతుంది. చెన్ తరవాత ఇంటిపేరు లేకుండా సొంత పేరు ఒక్కటే వస్తే దాన్ని అలాగే ఉంచాలి. 227లో షూ రాజ్య ప్రధాని జూగె ల్యాంగ్ తన రాజుకు రాసిన విన్నపాన్ని ‘చెన్ ల్యాంగ్ చెబుతున్నాడు’ అనే మొదలుపెట్టాడు. అక్కడ ‘జూగె’ అనే ఇంటిపేరు చేర్చితే వినయం ఎగిరిపోతుంది.

ఈ వినయం కాగితం మీద కంటికి కూడా కనిపించేది. ఛింగ్ కాలపు మామూలు నివేదికలో పుటకు ఆరు నిలువు వరసలు, వరసకు ఇరవై అక్షరాల చోటు. పైన రెండు గళ్లు ఖాళీ వదిలి మిగతా పద్దెనిమిదిలో రాయాలి. వాక్యం మధ్యలో చక్రవర్తి ప్రస్తావన రాగానే ఆ వరస అక్కడికక్కడే ఆపి, కొత్త వరసలో ఆ మాటను ఖాళీ గళ్లలోకి ఎక్కించాలి. ‘చెన్’ అనే అక్షరం మాత్రం చిన్నగా, ఓ పక్కకి ఒదిగి ఉంటుంది.

ఛింగ్ కొలువులో ఇంకో మెలిక ఉంది. చైనాలో ఎక్కువమందైన హాన్ జాతి పౌర అధికారులు ‘చెన్’ అని రాస్తే, ఏలే జాతి మంచూలు ‘నూత్సాయ్’ అని రాసేవారు. నూత్సాయ్ అంటే ఇంటి బానిస. వినడానికి హీనంగా ఉన్నా లోపలివాడని చెప్పే మాట అది, ఏలినవారి ఇంటి మనిషి అన్నమాట. నా మట్టుకు ‘ఇంటి బంటు’ అంటాను. 1773లో తియెన్‌బావో అనే మంచూ అధికారి, మా రెన్‌లొంగ్ అనే హాన్ అధికారి కలిసి పంపిన విన్నపంలో ఇద్దరి పేర్లకూ కలిపి ముందు ‘నూత్సాయ్’ పడింది. ఛియెన్‌లొంగ్ చక్రవర్తి మండిపడ్డాడు. ఇకమీదట ఉమ్మడి విన్నపాల్లో ఇద్దరూ చెన్ అనే రాయాలన్నాడు. అంటే హాన్ అధికారిని బంటుగా చేర్చుకోవడం కంటే తన బంటును చెన్ అనిపించడమే ఆయనకు నయమనిపించింది. ఈ తేడాను పూర్తిగా ఎత్తేసింది 1910లో, రాజవంశం కూలడానికి కొంచెం ముందు. ఆ 1773 విన్నపాన్ని తెలుగు చేసేవాడు రెండు మాటలకూ ‘సేవకుడు’ అని రాస్తే చక్రవర్తికి కోపమెందుకొచ్చిందో పాఠకుడికి అంతు చిక్కదు.

కొలువు దాటి బయటికొస్తే ‘గ్వాన్’, ‘లీ’ ఎదురవుతారు. గ్వాన్ అంటే పదవిలో ఉన్న అధికారి. గ్వాన్‌కు తొమ్మిది శ్రేణులు, ఒక్కోదానికి రెండు మెట్లు, మొత్తం పద్దెనిమిది. జిల్లా అధికారిది ఏడో శ్రేణి, మూల జీతం ఏడాదికి 45 తులాల వెండి (చైనా తులం మన తులం కంటే మూడు రెట్లు పైమాటే). సొంత రాష్ట్రంలో ఉద్యోగం చేయకూడదు. లీ అంటే గుమాస్తా. వాడిది ఆ ఊరే, అక్కడి యాస వాడికొచ్చు, పాత దస్త్రం ఎక్కడుందో వాడికే తెలుసు. సర్కారు జీతం లేదు కనక వచ్చినవాడి దగ్గరే వసూలు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టుండేది వ్యవహారం. ఇద్దరినీ ‘అధికారి’ అంటే ఈ కథంతా మాయమైపోతుంది. అలాగని లీ కనిపించిన చోటల్లా గుమాస్తా అనీ రాయలేం. రెండు వేల ఏళ్ల కిందటి హాన్ రాజవంశ కాలపు రాతల్లో పెద్ద అధికారులు కూడా లీలే. అధికారుల నియామకాలు చూసే శాఖకు చివరిదాకా ‘లీ బూ’ అనే పేరుండిపోయింది. అందుకే ముందు కాలం చూసుకుని, ఆ తరవాతే మాట ఎంచుకోవాలి.

పదవి లేనివాడు ‘మిన్’. క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన ఛిన్ చక్రవర్తి ‘జెన్’, అంటే నేను, అనే మాటను తనకొక్కడికే ఉంచుకుని, జనానికి ‘నల్లతలలు’ అని కొత్త పేరు పెట్టాడు. చెన్, మిన్ కలిపిన ‘చెన్‌మిన్’, అంటే ఏలిక కింది ప్రజలు, ఛింగ్ కొలువు తెచ్చిన 1908 రాజ్యాంగ ముసాయిదాలో ఉంది. జపాన్ 1889 రాజ్యాంగంలోనూ ఇవే రెండక్షరాలు. 1912 తాత్కాలిక రాజ్యాంగంలో అది ‘రెన్‌మిన్’, అంటే ప్రజలు, అయింది. 1954 రాజ్యాంగం హక్కుల అధ్యాయానికి ‘గొంగ్‌మిన్’, అంటే పౌరులు, అని పేరు పెట్టింది. చెన్ పోయాడు, మిన్ మిగిలాడు. జిల్లా పెద్దను ‘ఫుమూగ్వాన్’, అంటే అమ్మానాన్నల్లాంటి అధికారి, అనడం మాత్రం చైనాలో ఇప్పటికీ పోలేదు.