కుక్క పంటికి రేటు బోర్డు ఎందుకు ఉండదు?

మా పమేరియన్‌కు తొమ్మిదేళ్లు. పోయిన వేసవిలో అన్నం గిన్నె దాకా వచ్చి, వాసన చూసి వెనక్కి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. నోరు తెరిచి చూస్తే దవడ పళ్లకు గోధుమరంగు గార, చిగుళ్ల వెంట నెత్తురు. చిన్న జాతులకు దవడ ఇరుకు, పళ్లు ఒత్తుగా ఉంటాయి, గార త్వరగా పడుతుంది. ఏటా టీకాకు తీసుకెళ్లినా ఎవరూ ఈ మాట చెప్పలేదు.

పళ్లు శుభ్రం చేయడానికి హైదరాబాద్‌లో ఒక క్లినిక్ ఎనిమిది వేలంది. ఇంకోచోట ఇరవై రెండు వేలు. మూడోచోట "ముందు తీసుకురండి, చూసి చెప్తాం" అన్నారు. ఆ రెండు రేట్లకూ తేడా ఎక్కడుందో ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు.

ఖర్చు ఎక్కువన్నది నా ఫిర్యాదు కాదు. కుక్కకు 42 పళ్లు. మనలా కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చోదు కాబట్టి పూర్తి మత్తు ఇవ్వాలి. దానికి ముందు రక్తపరీక్ష, మత్తులో ఉన్నంతసేపు గొంతులో గొట్టం, గుండెనూ ఊపిరినీ కనిపెట్టుకుని ఉండే ఒక మనిషి. అసలు జబ్బు చిగురు కింద ఉంటుంది. పంటి వేరు, ఎముక ఏ స్థితిలో ఉన్నాయో ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. ఇంత పనికి డబ్బు ఇవ్వాల్సిందే. ఇవేమీ లేకుండా పైపైన గార గీకి పంపినా పళ్లు తెల్లగానే మెరుస్తాయి, చిగురు కింద చీము మాత్రం అలాగే ఉంటుంది. ఈ రెంటికీ పేరు ఒకటే: డెంటల్ క్లీనింగ్! అందుకే మత్తుకు ఎంత, ఎక్స్‌రేకు ఎంత, ఒక్కో పన్ను పీకడానికి ఎంత అని విడివిడిగా రాసి గోడకు పెట్టాలి.

మత్తిచ్చి చూడందే ఎన్ని పళ్లు పీకాలో చెప్పలేమని డాక్టర్లు అంటారు. నిజమే. కానీ ఒక పన్ను పీకడానికి ఎంతో తెలుసు కదా? బైకు సర్వీసింగ్‌కు ఇస్తే, పార్టు మార్చే ముందు మెకానిక్ ఫోన్ చేసి అడుగుతాడు.

బ్రిటన్‌లో పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ 2024లో పెంపుడు జంతువుల వైద్యంపై పూర్తిస్థాయి విచారణకు దిగింది. క్లినిక్‌లు ధరల జాబితా బయటపెట్టాలని 2025 అక్టోబరులో ప్రతిపాదించింది. మన దగ్గర 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం మనుషుల వైద్యానికే. దాని కింద 2012లో వచ్చిన కేంద్ర నిబంధనలు రేట్లు కనిపించేలా పెట్టాలంటాయి. పెంపుడు జంతువుల క్లినిక్‌లకూ ఆ నిబంధన రాయాలి.

మనుషుల ఆసుపత్రుల్లో మాత్రం ఆ బోర్డు ఎంతమందికి కనిపించింది? మా అమ్మ మోకాలి ఆపరేషన్‌కు వెళ్తే "ప్యాకేజీ" అన్న ఒక్క మాటే చెప్పారు. ఆ ప్యాకేజీలో లేనివేవో డిశ్చార్జి రోజున, కౌంటర్ దగ్గర తెలిసింది. నొప్పితో ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరు బేరమాడతారు? ఆ టెన్షన్‌లో సంతకం పెట్టేస్తాం. నోరులేని జీవాన్ని ఒళ్లో పెట్టుకున్నప్పుడూ అంతే.

మా కుక్కకు ఆరు పళ్లు పీకారు. ఇప్పుడు మెత్తగా కలిపిన పెరుగన్నం తింటోంది. బిల్లులో ఆ ఆరు పళ్ల లెక్క లేదు. "డెంటల్" అని ఒక్క లైను, పక్కన మొత్తం.