మాత్ర వేసుకుంటే సరిపోదు
షుగర్, బీపీ ఉన్నవాళ్లు తమ వైద్యంలో ఎంత చొరవ తీసుకుంటున్నారో 13 ప్రశ్నలతో కొలిచే పద్ధతి గురించి మీరు రాసింది చదువుతుంటే మా నాన్నగారే గుర్తొచ్చారు. పేషెంట్ యాక్టివేషన్ మెజర్ అనే ఈ పద్ధతిని అమెరికాలో పరిశోధకురాలు జుడిత్ హిబ్బార్డ్ బృందం 2004లో 22 ప్రశ్నలతో మొదలుపెట్టి, మరుసటి ఏడాది 13కి కుదించింది. స్కోరు 0 నుంచి 100 దాకా, దాన్నిబట్టి నాలుగు స్థాయిలు; స్కోరు ఎక్కువొస్తే చొరవ ఎక్కువని అర్థం.

మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నగారు ఒక్కపూట కూడా మాత్ర మానరు, కానీ అది దేనికని అడిగితే "డాక్టరు గారికి తెలుసులే" అంటారు, మూడు నెలల షుగర్ రిపోర్టు చూడకుండానే కవర్లో పెట్టేస్తారు, అరికాళ్లు తిమ్మిరెక్కుతున్న సంగతి డాక్టరు దగ్గర చెప్పకుండా ఇంటికొచ్చాక అమ్మతో చెప్తారు. మాత్రలు మాత్రమే లెక్కపెడితే ఆయనకి నూటికి నూరే, చొరవ చూస్తే మాత్రం తక్కువే!

అయితే ఈ ప్రశ్నలు కాగితం మీద ఇచ్చేసి పొమ్మంటే కుదరదు, ఎవరైనా పక్కన కూర్చుని మన మాటల్లో అడగాలి. స్కోరు తక్కువొస్తే మందలించకుండా, ముందు రోజూ పాదాలు చూసుకోవడం లాంటి ఒక్క పని నేర్పాలి. మేం అదే మొదలుపెట్టాం.