బరువు ఎత్తడానికి బుర్ర అక్కరలేదా?

ఇంటర్ పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే చాలు, గుంటూరు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది. అందులో చెప్పేది ఇది: బరువులు ఎత్తితే రక్తమంతా కండల్లోకి పోయి మెదడుకు అందదు. అది బుద్ధితో పనిలేని ఎద్దు చాకిరీ. మెదడుకు మేలు చేసేవి నడక, ధ్యానం మాత్రమే. పైగా పిల్లలు పొట్టిగా ఉండిపోతారు. కాబట్టి చదువుకునేవాళ్ళ చేత జిమ్ మాన్పించండి. మా వీధిలో ఈ సందేశం చదివిన పెద్దల మాట కాదనలేక జిమ్ మానేసిన పిల్లలున్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు రక్తం సంగతి. మెదడు మన శరీర బరువులో దాదాపు 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు మనం వాడే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే పోతుంది. అలాంటి అవయవాన్ని శరీరం పస్తు పెట్టదు. రక్తపోటు కొంత పెరిగినా తగ్గినా మెదడులోని రక్తనాళాలు సన్నబడుతూ, వెడల్పవుతూ ప్రవాహాన్ని దాదాపు నిలకడగా ఉంచుతాయి. కండలకు కావలసిన అదనపు రక్తం కోసం గుండె వేగం పెంచుకుంటుంది, జీర్ణకోశానికి వెళ్ళేది కొంత తగ్గుతుంది. ఈ భయానికి మూలం లేకపోలేదు. ఊపిరి బిగబట్టి పెద్ద బరువు లేపితే రక్తపోటు ఒక్కసారిగా ఎగసి, దించగానే పడిపోయి కళ్ళు తిరగవచ్చు. తాహతుకు తగ్గ బరువు పెట్టుకుని, లేపేటప్పుడు ఊపిరి వదిలితే ఆ ఇబ్బంది చాలావరకు రాదు. బీపీ ఉన్నవాళ్ళు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. అయితే అది కొన్ని క్షణాల మాట. సాయంత్రం ఎత్తిన బరువు మర్నాటి ఫిజిక్స్ పాఠాన్ని చెరిపెయ్యదు.

ఇక ఎద్దు చాకిరీ అన్న మాట. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఇదే. మిర్చి యార్డు ఉన్న ఊళ్ళో ఈ మాట ఎలా రాయబుద్ధయింది? సీజనులో ఒకసారి వెళ్ళి హమాలీ టిక్కీని వీపు మీదికి తీసుకోవడం చూడండి. సుమారు నలభై కిలోల మిరపకాయల బస్తా అది. ముందు పాదాలు సర్దుకుంటాడు. పట్టు ఎక్కడ దొరుకుతుందో చూసుకుంటాడు. బరువు ఎటు ఒరుగుతుందో పసిగట్టి నడుము వంచుతాడు. ఆ అంచనా తప్పితే వెన్ను దెబ్బతింటుంది. పొట్టకూటి కోసం రోజంతా పడే ఆ కష్టాన్ని వ్యాయామం అనలేం. కానీ అందులో బుద్ధి లేదనడం అన్యాయం.

జిమ్ సంగతికే వద్దాం. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారాల్లో బలం పెరుగుతుంది, కండ మాత్రం అంతగా పెరగదు. ఆ తొలి బలంలో ఎక్కువ భాగం నాడీవ్యవస్థ సంపాదించి పెట్టేదేనని మోరిటానీ, డెవ్రీస్ అనే పరిశోధకులు 1979లోనే చూపించారు. ఎక్కువ కండర తంతువులను ఒకేసారి పనిలోకి దింపడం మెదడు నేర్చుకుంటుందన్నమాట. 1992లో యూ, కోల్ చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. కొందరు నాలుగు వారాలపాటు చిటికెన వేలిని కదపకుండా, బలంగా నెడుతున్నట్టు ఊహించుకున్నారు, అంతే. వాళ్ళ వేలి బలం 22 శాతం పెరిగింది. నిజంగా నెట్టినవాళ్ళకు పెరిగింది 30 శాతం. ఏమీ చేయనివాళ్ళకు నాలుగు శాతం కూడా పెరగలేదు. వేలు కదలకుండానే బలం వచ్చిందంటే సాధన చేసింది మెదడే కదా!

మంచి కోచ్‌లకు ఇది అనుభవంతో తెలుసు. స్క్వాట్, అంటే భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం, చేసే కుర్రాడికి తొడలు బిగించమని చెప్పరు, నేలను పాదాలతో నెట్టమంటారు. పెద్ద బరువుకు ధ్యాస కండ మీద కాక బయట ఉంటేనే కదలిక సాఫీగా వస్తుంది. తేలిక బరువుతో చేతి కండను పెంచాలంటే మనసును ఆ కండ మీదే నిలపమంటారు. ఏ బరువుకు మనసు ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడమే సగం విద్య. పోటీల్లోనైతే పేరు పిలిచాక లిఫ్టరుకు మామూలుగా ఒక్క నిమిషమే గడువు. బరువును ఒకే ఊపులో తల పైకి లేపే స్నాచ్‌కు మూడు ప్రయత్నాలు, ముందు భుజాల దాకా తెచ్చి ఆపైన లేపే క్లీన్ అండ్ జెర్క్‌కు మూడు. స్టువర్టుపురం బిడ్డ రాగాల వెంకట్ రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో ఆ రెండూ కలిపి మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. అప్పటికి ఆ ఊరు మన గుంటూరు జిల్లాలోదే. అంత బరువు ఎత్తడం చెదిరిన మనసుతో అయ్యే పనేనా?

నడక, ధ్యానం మంచివే, వాటితో నాకు పేచీ లేదు. "మాత్రమే" అన్నదే తప్పు. కెనడాలో తెరెసా ల్యూ-ఆంబ్రోస్ బృందం 65 నుంచి 75 ఏళ్ళ మహిళలు 155 మందితో ఏడాదిపాటు చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. వారానికి ఒకటి రెండు సార్లు బరువులు ఎత్తినవాళ్ళు ఏకాగ్రత పరీక్షలో మెరుగుపడ్డారు. ఒళ్ళు తూలకుండా నిలబడటం నేర్పే తేలికపాటి వ్యాయామాలు చేసినవాళ్ళు మెరుగుపడలేదు. ఆ పరీక్షలో "ఎరుపు" అన్న మాట నీలం సిరాతో ఉంటుంది. మాటను చదవకుండా సిరా రంగు చెప్పాలి. ప్రయత్నించి చూడండి, నోటిని అదుపులో పెట్టడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఆస్ట్రేలియాలో జ్ఞాపకశక్తి, ఆలోచన కాస్త మందగించిన వంద మందితో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలోనూ, ఆరు నెలల బరువుల సాధన వల్ల మెదడు పనితీరు బాగుపడింది.

అలాగని జిమ్‌కు వెళ్తే ర్యాంకు వస్తుందని, మెదడు సైజు పెరుగుతుందని చెప్పే వీడియోలనూ నమ్మకండి. ఆ కెనడా అధ్యయనంలో బరువులు ఎత్తినవాళ్ళ మెదడు పరిమాణం పెరగలేదు, కొంచెం తగ్గింది కూడా. బాగుపడింది పనితీరు. మనసు కుంగిపోయిన స్థితి మీద బరువుల ప్రభావం చూసిన 33 ప్రయోగాలను 2018లో ఒకచోట చేర్చి పరిశీలిస్తే ఆ లక్షణాలు తగ్గాయని తేలింది. వైద్యం అవసరమైనవాళ్ళకు ఇది వైద్యానికి బదులు కాదు. కానీ తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో నలిగే పిల్లలకు ఉన్న ఆ ఒక్క గంటనూ లాగేసుకోవడం ఎందుకు?

పొట్టిగా ఉండిపోతారన్నదానికి ఆధారం లేదు. 5 నుంచి 17 ఏళ్ళవాళ్ళు వారానికి కనీసం మూడు రోజులు కండలను, ఎముకలను బలపరిచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పక్కన నేర్పేవాళ్ళు ఉండాలి, అంతే.

చివరిగా, ఈ సందేశం పంపుతున్న పెద్దలకు ఒక మాట. బరువులతో మెదడు పనితీరు బాగుపడిందని నేను చెప్పిన కెనడా, ఆస్ట్రేలియా అధ్యయనాలు కుర్రాళ్ళ మీద చేసినవి కావు, పెద్దవయసువాళ్ళ మీద చేసినవి. మీరూ వారానికి రెండు రోజులు మొదలుపెట్టండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టినా చాలు. తరువాత లీటరు నీళ్ళ సీసాలు పట్టుకోండి. అవి తేలికైపోయాక మనవడినో మనవరాలినో వెంటబెట్టుకుని జిమ్‌కు వెళ్ళండి.