హేవలాక్ వంతెనకు ముస్తాబు కన్నా ముందు పరీక్ష కావాలి

రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య రైళ్లు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెనను పర్యాటక స్థలంగా తీర్చిదిద్దే పని ‘అఖండ గోదావరి’ ప్రాజెక్టులో చేరింది. 2025 జూన్‌లో దానికి శంకుస్థాపన కూడా జరిగింది. 2027 పుష్కరాలలోగా ఈ వంతెనకు మళ్లీ జనకళ వస్తుందంటే అంతకన్నా కావలసిందేముంది! మేము మనసారా స్వాగతిస్తున్నాం. అయితే చేయి వేయబోతున్నది ఎలాంటి కట్టడం మీదో ముందు తెలుసుకోవాలి.

1897లో పని మొదలుపెట్టి 1900లో రైలు నడిపారు. అంతకుముందు మద్రాసు, కలకత్తా రైలు దారి గోదావరి గట్టుకు వచ్చి తెగిపోయేది. ప్రయాణికులు దిగి, ఏరు దాటి, అవతల మళ్లీ రైలెక్కేవారు. ఆ దారిని కలిపిన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్. అప్పటికే కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టించిన చేయి అది. ఇక్కడ పేరు మాత్రం నాటి మద్రాసు గవర్నరు హేవలాక్‌కు దక్కింది. ఆనకట్ట కట్టిన కాటన్‌ను ఊరూరా విగ్రహాలు పెట్టి కొలిచే సీమలో వాల్టన్ పేరు ఎంతమందికి తెలుసు?

ఈ వంతెన గొప్పదనం నీటి పైన కన్నా కింద ఎక్కువ. గోదావరి అడుగంతా ఇసుక. అలాంటి నదుల్లో స్తంభం నిలవాలంటే ఆ రోజుల్లో బావులు దింపేవారు. గుండ్రంగా కట్టిన బావి లోపలి ఇసుకను తోడేస్తూ పోతే, అది తన బరువుకు తానే కిందికి దిగుతుంది. అది దిగుతున్నకొద్దీ పైన వరసలు కడుతూ పోవాలి. ఒక్క బావి పక్కకు ఒరిగినా నెలల కష్టం ఏటిపాలే. అలాంటి పునాదుల మీద రాతి స్తంభాలు, వాటి మీద ఉక్కు గర్డర్లు, అంటే దూలాలు. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే స్పాన్లు మొత్తం 56, ఒక్కొక్కటి 150 అడుగులు. నగిషీ ఎక్కడా కనిపించదు. ఒకే కొలత రెండున్నర కిలోమీటర్లకు పైగా గాడి తప్పకుండా సాగడమే దాని అందం. 1953 వరదనూ, 1986 మహా వరదనూ అది తట్టుకుంది. ఎన్ని తరాల ప్రయాణికులు దాని మీదనుంచే గోదారమ్మకు నాణెం విసిరి దండం పెట్టుకున్నారో! 1997లో రైళ్లు కొత్త ఆర్చి వంతెన మీదికి మళ్లాయి.

అందుకే రంగు దీపాల కన్నా ముందు నీటి అడుగున ఉన్న పునాదులను నిపుణులతో పరీక్ష చేయించాలి. వేల మంది ఒకేసారి నడిస్తే ఎంత బరువు మోయగలదో లెక్క తేల్చాలి. గర్డర్లనూ వాటిని బిగించిన రివిట్లనూ రాతి స్తంభాలనూ రేకులతో, బోర్డులతో కప్పేస్తే చూడటానికి ఇక మిగిలేదేమీ ఉండదు. దుకాణాలు కావాలంటే గట్టు మీద పెట్టుకోవచ్చు, వంతెన మీద వద్దు. బావులు ఎలా దింపారో, ఆ ఇసుకను తోడిన కూలీల కష్టం ఎలాంటిదో బడిపిల్లలకు అర్థమయ్యేలా అక్కడే బొమ్మలతో చెప్పాలి. పునాదుల పరీక్ష నివేదికను టెండర్ల తర్వాత కాదు, టెండర్లకు ముందే ప్రజల ముందు పెట్టాలి.