రెండోసారి రాని రోగి

ఊబకాయానికి వైద్యం మొదలుపెట్టి మధ్యలో మానేసినవారి మీద మన తీర్పు ఎప్పుడూ ఒక్కటే: నోరు కట్టుకోలేకపోయారు. ఇంట్లోవాళ్లూ అదే అంటారు, కొందరు డాక్టర్లూ అదే అంటారు.

ఇటలీలో 23 వైద్య కేంద్రాలకు బరువు తగ్గడానికి వచ్చిన 1,785 మందిని గమనించిన అధ్యయనం ఒకటి 2005లో వెలువడింది. ఏడాది తిరిగేసరికి వారిలో 923 మంది వైద్యం ఆపేశారు. ఎవరు వీరు? వయసులో చిన్నవారు, ఏడాదిలో చాలా తగ్గిపోతామని కొండంత ఆశతో వచ్చినవారు. ఆశ ఎంత పెద్దదైతే వెనుదిరగడం అంత తొందరగా జరిగింది. మానేసినవారంతా ఓడిపోయినవారూ కారు. ఇక మా అంతట మేమే చూసుకోగలం అనుకుని వెళ్లిపోయినవారిలో బాగానే తగ్గినవారున్నారు. సెలవు దొరక్క, ప్రయాణం కుదరక, ఇంటి బాధ్యతలు వదల్లేక ఆగిపోయినవారు మరెందరో. వీటిలో దేన్ని బద్ధకం అంటాం?

మన దగ్గర ఆ ఆశను పెంచి పోషిస్తున్నది 'నెలలో పది కిలోలు' అని ఊరించే ప్రకటనలు. ఒంటి లెక్క వేరు. బరువు తగ్గగానే ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి, కడుపు నిండిందని చెప్పేవి తగ్గుతాయి. ఏడాది గడిచినా అవి పూర్తిగా మునుపటి స్థితికి రాలేదని ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లోనే చూపారు. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లదీ ఇదే కథ. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని పరీక్షల్లో తేలింది. 2025 మార్చిలో అలాంటిదే మరో ఇంజెక్షన్ టిర్జెపటైడ్ మన దేశానికి వచ్చినప్పుడు 5 మిల్లీగ్రాముల వయల్ (మందు సీసా) ధర 4,375 రూపాయలు. వారానికొకటి చొప్పున నెలకు 17,500. జీతం మీద బతికే ఇంట్లో మూడో నెల ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే సూచిక) 40 లేదా అంతకు మించి ఉన్నవారికీ, 35 లేదా అంతకు మించి ఉండి తీవ్రమైన అనుబంధ జబ్బులున్నవారికీ బరువు తగ్గించే శస్త్రచికిత్స ఖర్చును బీమా భరించేందుకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు దారి చూపాయి. ఏళ్ల తరబడి సాగాల్సిన మందుల ఖర్చుకు అలాంటి దారి కావాలి.

డబ్బు ఒక్కటే కాదు. చేతుల కుర్చీలో పట్టక నిలబడి ఎదురుచూసిన మనిషి, బీపీ పట్టీ చేతికి చాలక నర్సు నవ్వు చూసిన మనిషి, మోకాలి నొప్పని వెళితే 'ముందు ఒళ్లు తగ్గించుకోండి' అనిపించుకున్న మనిషి మళ్లీ ఆ గడప ఎందుకు తొక్కుతారు? వాళ్లను పంపేసింది ఆస్పత్రే. రికార్డులో మాత్రం 'రోగి రాలేదు' అని ఉంటుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. ఇందులో తీవ్ర స్థాయిలో ఉన్నవారు కొందరే కావచ్చు, కానీ ముందుగా అవమానపడేది వారే. బరువు తగ్గించే ప్రతి క్లినిక్కూ తొలిరోజే 'ఎంత తగ్గుతారనుకుంటున్నారు?' అని అడగాలి. ఐదు నుంచి పది శాతం తగ్గినా షుగరు, బీపీ అదుపులోకి రావడానికి అది ఎంతో మేలని చెప్పాలి. రెండోసారి రాని రోగికి ఫోన్ చేసి, నిలదీయకుండా, ఎందుకు రాలేదో కనుక్కోవాలి. గదిలో చేతుల్లేని కుర్చీ ఒకటి వేయడానికి ఏ జీవో అక్కర్లేదు.